కంటి నరం ఫోటో దాచిపెట్టుకోండి

మా నాయన నుదుటి మీద రెండేళ్ళుగా ఎప్పుడూ ఏదో ఒక గీరుడు ఉండేది. తోటలోకి పోతే చాలు, ఏదో కొమ్మ తగిలించుకుని వచ్చేవాడు, అమ్మ పసుపు అద్దేది, "వయసయిపోయింది, పైన చూసుకుని నడవాల" అనేది, ఆయనేమో "ఈ ఏడు కొమ్మలు మరీ కిందికి దిగినాయి" అనేవాడు. దామలచెరువు దగ్గర మాది చిన్న తోతాపురి తోట, ప్రతి చెట్టూ ఆయన చేత్తో నాటిందే, ఏ కొమ్మ ఎంత ఎత్తులో ఉందో చీకట్లో కూడా చెప్పగలడు. అట్లాంటి మనిషి తన చెట్లకే తల కొట్టుకుంటా ఉంటే ఇంట్లో ఒక్కరికీ అనుమానం రాలేదు. నేను తిరుపతిలో ఉంటా, నెలకి రెండుసార్లు ఊరికి పోతా, ఆ గీరుళ్ళు చూసి కూడా "తలకి తువ్వాలు చుట్టుకో నాయనా" అని చెప్పి బస్సెక్కేసేవాణ్ణి.

పోయిన ఏడాది ఆయన్ని తిరుపతిలో ఒక కంటాసుపత్రికి తీసుకొచ్చినా, అదీ శుక్లం ఆపరేషన్‌కి అనుకునే. చుక్కలేసి, పాప పెద్దదయ్యేదాకా గంట కూర్చోబెట్టి, డాక్టరమ్మ లెన్స్ పెట్టి లోపలికి చూసింది, చాలాసేపు చూసింది, రెండో కన్ను చూసి మళ్ళీ మొదటి కంటికి వచ్చింది. తర్వాత ఆమె అడిగిన మొదటి మాట ఇది: "పెద్దాయనా, పైనుంచి ఏమన్నా తలకి తగలతా ఉంటాయా మీకు?"

నాకు ఒళ్ళు జలదరించింది. కొమ్మల సంగతి మేము ఒక్క ముక్క చెప్పలేదు. ఆమెకి అది కంటి వెనకుండే నరంలో కనిపించింది.

రెండు కళ్ళలోనూ నరానికి కింది అంచు అరిగిపోయి ఉందంట. కంట్లోకి వెలుతురు తలకిందులుగా పడుతుంది కాబట్టి కింది పోగులు పోతే పైన కనపడాల్సింది పోతుంది. అంటే ఆ కొమ్మలు కిందికి దిగలేదు, నాయన చూపులో పైభాగం రెండేళ్ళుగా కొంచెం కొంచెంగా చెరిగిపోతా ఉంది. నీటికాసులు, గ్లాకోమా. శుక్లం కూడా ఉంది, కానీ దానికి తొందర లేదు, ఆపరేషన్ చేస్తే చూపొస్తుంది, నీటికాసుల్లో పోయింది పోయినట్టే.

అంతకు రెండేళ్ళ ముందే, అద్దాలు మార్చుకోడానికి ఇంకోచోట కళ్ళు చూపించుకున్నాడు నాయన. ఆ చీటీ ఇప్పటికీ నా దగ్గరుంది. పవర్ రాసుంది, కంట్లో ప్రెషర్ 17, 18 అని రాసుంది, పక్కన నార్మల్ అని టిక్కు ఉంది, "శుక్లం మొదలైంది, ముదిరినాక రండి" అని ఉంది. నరం గురించి ఒక్క మాట లేదు. పాప పెద్దది చేసే చుక్కలు వెయ్యలేదు, గాలి కొట్టే మిషన్ ముందు గడ్డం పెట్టించి, నంబర్ చూసి పంపించేశారు. నా కోపం ఆ మనుషుల మీద కంటే ఆ అలవాటు మీద ఎక్కువ. మనమూ అంతే కదా, బయటికి రాగానే "ప్రెషర్ ఎంతుంది" అని అడుగుతాం, "నరం ఎట్లుంది" అని ఎవరమూ అడగం. నేను చెప్పదలుచుకున్నది ఇదే, ప్రెషర్ అనేది దెబ్బ వేసే చెయ్యి, దెబ్బ తగిలేది నరానికి, చేతిని కొలిచి ఒంటిని చూడకుండా వదిలేస్తే ఎట్ల?

అసలు లోపల ఏం జరుగుతుందో నాకు అర్థమైన మటుకు చెప్తా, ఇది తెలిస్తే మిగతా గొడవంతా దానంతట అదే తెలుస్తుంది.

కంటి ముందుభాగంలో ఎప్పుడూ ఒక నీరు ఊరుతా ఉంటుంది, నిమిషానికి రెండు రెండున్నర మైక్రోలీటర్లు, నల్లగుడ్డు అంచు మూలలో ఉండే సన్నటి జాలీలోంచి అది బయటికి పోతుంది. కన్నీళ్ళు వేరు, ఇది వేరు. బీపీ వేరు, ఇది వేరు, మా ఊర్లో చాలామంది బీపీ మాత్ర వేసుకుంటున్నాం కదా కంటి ప్రెషర్ కూడా అదే తగ్గుతుందిలే అనుకుంటారు, దాన్ని నమ్ముకోకూడదు. ఊరేది ఊరతా ఉండి పోయే దారి బిగుసుకుంటే కంట్లో ప్రెషర్ పెరుగుతుంది. మామూలుగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం అంటారు. కన్ను గట్టి గుండు లాంటిది, అన్ని వైపులా బలమైన తెల్ల గోడ, కానీ వెనకాల ఒక్కచోట ఆ గోడకి సందు ఉండాలి, ఎందుకంటే చూపు పోగులు మెదడుకి పోవాలి. కంటి లోపలి తెర, రెటీనా, అంతటి నుంచి పది పన్నెండు లక్షల పోగులు ఆ ఒక్కచోటికి చేరి, మడిచి, కట్టగా బయటికి పోతాయి. ఆ సందులో ఊరికే బొక్క పెట్టి వదిలేయకుండా ఒక జల్లెడ ఉంది. డాక్టర్లు లామినా క్రిబ్రోసా అంటారు, ఆ పేరుకి అర్థమే జల్లెడ పొర. మురుకుల గొట్టం అడుగున బొక్కల బిళ్ళ ఉంటుంది చూడండి, అట్లాంటి బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పది దాకా పేర్చినట్టు ఉంటుందంట, ఒక్కో బొక్కలోంచి ఒక్కో కట్ట పోగులు దూరి పోతాయి.

గుండు గోడలో బలహీనమైన చోటు అదే. లోపల ప్రెషర్ ఎక్కువై, లేదా నరం వెనక వైపు ప్రెషర్ తక్కువై, ఆ జల్లెడ ఏళ్ళ తరబడి వెనక్కి వంగుతుంది. వంగితే బిళ్ళలు ఒకదాని మీద ఒకటి జరుగుతాయి, బొక్కలు వరస తప్పుతాయి, వాటిల్లోంచి పోయే పోగులు నొక్కుకుపోతాయి. పోగు ఉత్త వైరు మాదిరి కాదు, అందులో సరుకు రవాణా నడుస్తా ఉంటుంది, మెదడు వైపు నుంచి వెనక్కి, రెటీనాలో ఉన్న కణానికి, బతకడానికి కావలసిన పదార్థాలు కూడా వస్తా ఉంటాయి. ఆ రవాణా జల్లెడ దగ్గర ఆగిపోతే కణం తనంతట తానే చచ్చిపోతుంది. దాంతో పాటు అక్కడి రక్తప్రసారం కూడా దెబ్బతింటుంది. నేను ఇదంతా నాయనకి మా ఇంటి అరుగు మీద కూర్చుని చెప్తే ఆయన మధ్యలోనే అందుకున్నాడు, "డ్రిప్పు పైపు మడత పడినట్టు. మోటారు ఆడతానే ఉంటాది, చివరి చెట్టుకి మాత్రం అందదు, ఎండేదాకా మనకి తెలీదు." ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

కింద, పైన ఉండే బొక్కలు పెద్దవి, వాటి మధ్య ఆనిక పల్చన. అందుకే నరం మొదట కింది అంచులోనో పై అంచులోనో అరుగుతుంది, పక్కలు ఆఖర్న పోతాయి. మధ్య చూపు చాలాకాలం చెక్కుచెదరదు, పేపర్ చదువుతారు, డబ్బులు లెక్కపెడతారు, మండీలో కాయ నాణ్యం చూస్తారు. మా నాయన దామలచెరువు మండీలో గంపలో పైకాయ చూసి అడుక్కాయ చెప్పే మనిషి, ఆయన చూపు పోతా ఉందంటే ఎవరు నమ్ముతారు?

డాక్టర్ లోపలికి చూసినప్పుడు నరం తల గుండ్రంగా, నారింజ గులాబీ కలిసిన రంగులో కనిపిస్తుంది, మధ్యలో తెల్లటి చిన్న గుంట ఉంటుంది. ఆ గుంట అందరికీ ఉంటుంది. గుంట నిలువు కొలతని మొత్తం గుండ్రం నిలువు కొలతతో భాగిస్తే వచ్చే నంబర్‌నే సీడీ రేషియో అంటారు, చాలామందికి 0.3, 0.4 దగ్గర ఉంటుంది. పోగులు చచ్చేకొద్దీ అంచు పల్చబడుతుంది, గుంట పెద్దదవుతుంది, లోతవుతుంది, రక్తనాళాలు గుంట అంచున మోచెయ్యి మడిచినట్టు వంగి కనిపిస్తాయి. మామూలుగా కింది అంచు అన్నిటికంటే మందం, తర్వాత పైది. కింది అంచే పల్చగా కనిపిస్తే డాక్టర్ చెయ్యి అక్కడ ఆగుతుంది, ఆ రోజు డాక్టరమ్మ ఆగినట్టు. నాయనకి కుడికంట్లో 0.7, ఎడమకంట్లో 0.85, కింద కొరికినట్టు నొక్కు. రెండు కళ్ళకి 0.2 కంటే తేడా ఉన్నా అనుమానపడాలంటారు.

కానీ పుట్టుకతోనే నరం తల పెద్దగా ఉన్నవాళ్ళకి గుంట కూడా పెద్దగానే ఉంటుంది, 0.6 ఉండి ఏ జబ్బూ లేకపోవచ్చు. చిన్న నరం ఉన్నవాళ్ళకి 0.5 కూడా ప్రమాదం కావచ్చు. మరి ఒక్కరోజు చూసి ఎట్ల తేల్చాలి? చాలాసార్లు తేలదు. పదేళ్ళ క్రితం ఫోటో ఒకటి ఉంటే నిమిషంలో తేలుతుంది. నా బాధంతా ఆ ఫోటో లేకపోవడం గురించే. చీటీలో ఉన్న ఆ 17, 18 బదులు ఆ రోజు నరం ఫోటో ఒకటి ఉండుంటే, నాయన ఎంత వేగంగా పోగొట్టుకుంటున్నాడో మాకు తెలిసేది, మందు ఎంత గట్టిగా వెయ్యాలో డాక్టర్‌కి తెలిసేది. మేము సున్నా నుంచి మొదలుపెట్టాం.

ఆ 17, 18 అబద్ధమా అంటే, మిషన్ చూపించింది అదే. కానీ నాయన నల్లగుడ్డు మీది పొర, కార్నియా, పల్చన. తర్వాత కొలిస్తే 482 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వచ్చింది, మామూలుగా 540 దగ్గర ఉంటుంది. పొర పల్చనైతే మిషన్ తక్కువ చూపిస్తుంది, మందమైతే ఎక్కువ చూపిస్తుంది. పైగా ప్రెషర్ రోజంతా ఒకేలా ఉండదు, చాలామందికి తెల్లవారుజామున ఎక్కువ, పడుకుంటే ఎక్కువ. కొత్త ఆసుపత్రిలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉంచి నాలుగుసార్లు కొలిచారు, పొద్దున ఏడింటికి 25, మధ్యాహ్నం 19. మనం ఆసుపత్రికి పోయేది టిఫిన్ తిని, బస్సెక్కి, చీటీ తీసుకుని, పదకొండింటికి. (తలకిందులుగా నిలబడే శీర్షాసనంలో ప్రెషర్ రెండింతలవుతుందని చెన్నై శంకర నేత్రాలయ డాక్టర్లు 2006లోనే కొలిచి రాశారు. నీటికాసులున్నవాళ్ళు యోగా మాస్టర్‌కి ఈ సంగతి ముందే చెప్పాలి.)

ఇంకోవైపు మా మేనత్త కథ. చంద్రగిరిలో ఉంటుంది, ఆమెకి ప్రెషర్ 25 వచ్చిందని ఎవరో చెప్పేసరికి "నాకు కళ్ళు పోతాయంటరా" అని రాత్రి పదకొండుకి ఫోన్ చేసి ఏడ్చింది. తీసుకొచ్చి చూపిస్తే కార్నియా 600 మైక్రాన్ల పైన, నరం నిండుగా, గులాబీ రంగులో, చుట్టూ ఎంత మేర కనపడుతుందో చూసే ఫీల్డ్ టెస్ట్ శుభ్రంగా ఉంది. ఫోటో తీసి పెట్టి, మందు ఏమీ వద్దు, క్రమం తప్పకుండా రమ్మన్నారు. నంబర్ మాత్రమే చూస్తే మా నాయన బాగున్నట్టు, అత్తకి జబ్బున్నట్టు. నిజం అచ్చంగా తిరగబడి ఉంది.

అమెరికాలో దీనిమీద పెద్ద అధ్యయనం చేశారు, ఫలితాలు 2002లో వచ్చాయి, ఓహెచ్‌టీఎస్ అంటారు. ఒక కంట్లో ప్రెషర్ 24 నుంచి 32 దాకా ఉండి నరం మాత్రం బాగున్న 1636 మందిని తీసుకుని సగంమందికి మందు వేశారు, సగంమందికి వెయ్యలేదు. ఐదేళ్ళకి మందు వెయ్యనివాళ్ళలో 9.5 శాతం మందికి జబ్బు మొదలైంది, వేసినవాళ్ళలో 4.4 శాతం మందికి. మందు సగానికి పైగా కాపాడింది, నిజమే, కానీ మందు లేకుండా కూడా వందలో తొంభై మంది ఆ ఐదేళ్ళూ బాగానే ఉన్నారు. ప్రెషర్ పెరగడమే జబ్బు కాదని ఇంతకంటే ఎవరు చెప్పాలి. ఇంకో సంగతి, జబ్బు మొదలైనవాళ్ళలో సగానికి పైగా మందిలో ఆ విషయం మొదట చెప్పింది నరం ఫోటోనే, చూపు పరీక్ష అప్పటికింకా బాగానే ఉంది. నరం అంచున నిప్పురవ్వ మాదిరి సన్నటి రక్తపు చార ఒకటి వస్తుంది, కొన్ని వారాల్లో ఆనవాలు లేకుండా పోతుంది, జబ్బు ముదురుతోందని చెప్పే గుర్తు అది. ఆ అధ్యయనంలో అట్లాంటి చారలు 128 దొరికితే అందులో 107 డాక్టర్ల పరీక్షలో దొరకలేదు, తర్వాత ఫోటోల్లో చూసినప్పుడే దొరికాయి. వాళ్ళేమీ మామూలు డాక్టర్లు కారు. కన్ను క్షణంసేపు చూస్తుంది, ఫోటో ఆగి ఉంటుంది.

ఫీల్డ్ టెస్ట్ గురించి చెప్పాలి. చీకటి గదిలో తెల్లటి గిన్నె లాంటి దాంట్లో గడ్డం పెట్టించి, మధ్య లైటే చూడమని చెప్పి, చుట్టూ 54 చోట్ల చిన్న చిన్న చుక్కలు వెలిగిస్తారు, కనపడితే బటన్ నొక్కాలి. నాయన మొదటిసారి కనపడినా కనపడకపోయినా నొక్కేశాడు, తప్పు చెప్తే ఏమనుకుంటారో అని. రెండోసారి పక్కన కూర్చుని "నాయనా ఇది పరీక్ష కాదు, పాస్ ఫెయిల్ లేదు" అని చెప్తే కుదురుగా చేశాడు. ప్రింట్‌లో పైభాగం రెండు కళ్ళకీ నల్లగా, వంకీ తిరిగిన నలుపు. ఆ నలుపు కాగితం మీదే. నాయనకి నలుపేమీ కనిపించడం లేదు, అక్కడ ఏదో ఉన్నట్టే అనిపిస్తుంది, మెదడు చుట్టుపక్కల చూసి ఆ ఖాళీని పూరించేస్తుంది. అందుకే కొమ్మ తగిలేదాకా కొమ్మ లేదు.

ఇందులో నన్ను నిద్రపోనివ్వనిది ఏందంటే, ఆ పరీక్షలో మచ్చ తేలేసరికే పోగుల్లో నాలుగో వంతో, ఒక్కోసారి మూడో వంతుకు పైనో పోయి ఉంటాయి. లక్షల్లో లెక్క. దక్షిణ భారతంలో ఊళ్ళు తిరిగి చేసిన సర్వేలన్నిట్లో ఒకటే మాట, నీటికాసులు బయటపడ్డవాళ్ళలో పదిమందిలో తొమ్మిదిమందికి ఆ రోజు దాకా తమకి అది ఉందనే తెలీదు.

తర్వాత ఓసీటీ. ఈ స్కాన్ 1991లో వచ్చింది, నరం చుట్టూ ఉండే పోగుల పొర మందాన్ని మైక్రాన్లలో కొలుస్తుంది. నాయనకి కుడి 71, ఎడమ 62. ఆరోగ్యంగా ఉంటే 95 దగ్గర ఉంటుంది కదా, 62 ఉందంటే ఇంకా మూడింట రెండొంతులు మిగిలిందని నేను సంతోషపడినా. అదీ తప్పే. పోగులన్నీ చచ్చినా ఆ పొర సున్నా కాదు, రక్తనాళాలు, ఆనిక కణాలు మిగిలి 50 దగ్గర ఆగిపోతుంది. 50ని నేల అనుకుంటే 95 దాకా ఉన్నది 45, అందులో మిగిలింది 12. ఇది నా ముతక లెక్కే, కానీ నాలుగో వంతు అని అర్థమైన రోజు నేను అన్నం తినలేకపోయినా. ఇంకోటి, ఆ ప్రింట్ మీద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులు వేస్తారు, అవి మిమ్మల్ని వేరేవాళ్ళతో పోల్చి వేసిన రంగులు. మైనస్ పవర్ బాగా ఎక్కువున్నవాళ్ళకి జబ్బు లేకపోయినా ఎరుపు రావచ్చు. మిమ్మల్ని మీ పాత స్కాన్‌తో పోల్చుకోడమే అసలు పోలిక.

పసిపిల్లల్లో మాత్రం ప్రెషర్ తగ్గిస్తే గుంట మళ్ళీ చిన్నదవుతుంది, వాళ్ళ జల్లెడ ఇంకా సాగే గుణంతో ఉంటుంది కాబట్టి. పెద్దవాళ్ళలో బిగుసుకుపోతుంది, వంగింది నిటారు కాదు, చచ్చిన పోగు మళ్ళీ మొలవదు. మందు చుక్కలు ఉన్నదాన్ని కాపాడతాయి, అంతే. నాయనకి రాత్రిపూట లటానోప్రోస్ట్ ఇచ్చారు, ఆయాసం ఉంది కాబట్టి టిమొలాల్ వద్దన్నారు. మూడో నెల నాయన "ఇంత కాలం వేస్తా ఉండా, ఏం బాగవలా, ఎందుకు రా ఇది" అన్నాడు. ఆయన అడిగిందాంట్లో న్యాయముంది, ఏ మందైనా వేసుకుంటే తేడా తెలియాలి కదా. ఇక్కడ మందు పనిచేస్తున్నా మనకి తేడా తెలీదు, పరీక్షల్లోనే తెలుస్తుంది. నేను మొదటి ఓసీటీ, ఆరు నెలల తర్వాతి ఓసీటీ పక్కపక్కన పెట్టి చూపించినా, 62, 61. ప్రెషర్ 13. ఆ కాగితాలు చూసినాక ఆయన చుక్కలు మానలేదు. చదువుకోని మనిషి కాగితం చూసి నమ్మాడు, ఎందుకంటే అందులో పోలిక ఉంది.

మెడికల్ షాపుల్లో కళ్ళు దురద అంటే చీటీ లేకుండా ఇచ్చే చుక్కల్లో స్టెరాయిడ్ ఉండొచ్చు, నెలల తరబడి వేస్తే కొందరికి ప్రెషర్ విపరీతంగా పెరిగి ఇదే నరం ఇట్లే పోతుంది, ముఖ్యంగా పిల్లల్లో. ఇది వేరే వ్యాసమంత విషయం, కానీ చెప్పకుండా ఉండలేను, దయచేసి ఆ సీసా మీద పేరు చదివించుకోండి.

నలభై దాటినవాళ్ళు, ఇంట్లో ఎవరికైనా నీటికాసులున్నవాళ్ళు ఇంకా ముందే, పాప పెద్దది చేసి చూసే పరీక్ష చేయించుకోండి, సీడీ రేషియో ఎంతో చీటీలో రాయమని అడగండి, వీలుంటే నరం ఫోటో ఒకటి తీయించుకుని ఫోన్లో కాకుండా మెయిల్లో పెట్టుకోండి. తోబుట్టువులకి, పిల్లలకి ఈ జబ్బు వచ్చే అవకాశం మామూలువాళ్ళకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. నేను చేయించుకున్నా, 0.4, 0.4, కార్నియా మాత్రం నాయనదే, పల్చన. బెంగళూరులో ఉండే తమ్ముడు నాలుగు నెలలు "పోతా అన్నా" అని చెప్పి చెప్పి పోయిన వారం పోయొచ్చాడు, వాడికి ఎడమకన్ను 0.6, కుడి 0.4, వయసు ముప్పై ఎనిమిది. ఇప్పుడే ఏమీ చెప్పలేమన్నారు. కానీ వాడికి ఫోటో ఉంది, వచ్చే ఏడాది పక్కన పెట్టి చూడ్డానికి.

ఈసారి కోతలప్పుడు ఊరికి పోతే తోటంతా వింతగా ఉంది. కిందికి వంగిన ప్రతి కొమ్మకీ నాయన తన పాత తెల్ల పంచె చించి, మూర పొడవు పీలికలు కట్టి వేలాడదీశాడు. పైభాగం ఎట్లాగూ కనపడదు కదా, పీలిక కొస కిందికి దిగి కనపడే భాగంలోకి వస్తుందని ఆయనకే తోచిందంట, ఏ డాక్టరూ చెప్పలేదు. నేను చూస్తా ఉండగా ఒక పీలిక దగ్గర ఆగి, తల వంచి, చెయ్యెత్తి కొమ్మని తడుముకుని, కింద నుంచి దాటి, అవతలి చెట్టు దగ్గరికి పోయి కాయ కొయ్యడం మొదలుపెట్టాడు.